అందరికీ వైద్యం: డబ్బు ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు

1910ల మొదట్లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక పిల్లవాడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. అంతకుముందెప్పుడో పడిపోయినప్పుడు మోకాలికి తగిలిన దెబ్బ, లోపల ఎముకకు చీము పట్టేదాకా వెళ్లింది. పెద్ద డాక్టరుకు చూపించే స్తోమత ఇంట్లో లేదు కాబట్టి ధర్మ వార్డులో చేర్చారు. కాలు తీసేయక తప్పదని అక్కడి వాళ్లు చెప్పేశారు. అలాంటి సమయంలో పేరున్న సర్జన్ ఒకాయన ఆ కాలు చూశాడు. తన విద్యార్థులు పక్కన నిలబడి చూడటానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తానన్నాడు. వాళ్లు ఒప్పుకున్నారు. కాలు దక్కింది.

ఆ పిల్లవాడి పేరు టామీ డగ్లస్. 1944లో సస్కాచువాన్ రాష్ట్రానికి ప్రీమియర్, అంటే అక్కడి ముఖ్యమంత్రి, అయ్యాడు. ఆ సర్జన్ మీద కృతజ్ఞత ఎంత ఉన్నా ఒక ఆలోచన మాత్రం ఆయన్ని వదల్లేదు. డబ్బున్న ఇంటి పిల్లవాడికి మంచి సర్జన్ దొరకడానికి ఇంత అదృష్టం అక్కర్లేదు కదా! 1947లో ఆయన ప్రభుత్వం రాష్ట్రంలో అందరి ఆస్పత్రి ఖర్చూ భరించే పథకం తెచ్చింది. ఈ రోజు కెనడా అంతటా నడుస్తున్న వైద్య వ్యవస్థకు పునాది అక్కడే పడింది.

"అందరికీ వైద్యం" అనగానే చాలామంది నోట వెంటనే వచ్చే మాట "ఉచితం". చర్చ పక్కదారి పట్టేది ఆ మాట దగ్గరే. ఏ దేశంలోనూ వైద్యం ఉచితంగా పుట్టుకురాదు. నర్సుకు జీతం ఇవ్వాలి, మందులు తయారు చేయాలి, స్కానింగ్ మెషీన్ కొనాలి. ఎవరో ఒకరు కట్టాల్సిందే. ఎప్పుడు కట్టించుకుంటారు, దేన్ని బట్టి కట్టించుకుంటారు అన్న చోటే తేడా అంతా ఉంది. ఒంట్లో బాగున్న రోజుల్లో, సంపాదనను బట్టి, అందరి దగ్గరా కొంచెం కొంచెం తీసుకోవడం ఒక పద్ధతి. జబ్బు పడ్డాక, ఆ జబ్బు ఎంత పెద్దదైతే అంతా ఆ ఒక్క కుటుంబం దగ్గరే రాబట్టడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతి అన్యాయమని ఒప్పుకోవడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. మొదటి పద్ధతిని నడపడమే కష్టం. ఒక్కో దేశం దాన్ని ఒక్కోలా నడుపుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చూడటానికి మూడు ప్రశ్నలు వేస్తుంది. జనంలో ఎంతమందికి అందుతోంది? ఏయే వైద్యం అందుతోంది? ఖర్చులో ఎంత భాగం ఆ ఉమ్మడి డబ్బులోంచి వస్తోంది? ఎవరైనా "మా దేశంలో అందరికీ ఉంది" అంటే అది మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. మిగతా రెండూ కూడా అడగాలి. పేరుకు అందరికీ కార్డు ఉండి, పళ్లకూ కళ్లకూ మందులకూ జేబులోంచే పెట్టుకునే దేశాలు కూడా ఉన్నాయి.

బలవంతం ఎందుకు

ఇష్టమైనవాళ్లే బీమా తీసుకోండి అని వదిలేశారనుకుందాం. ఇరవై ఐదేళ్ల కుర్రాడు, రాయి తిన్నా అరిగించుకునే వయసు, నాకెందుకులే అంటాడు. షుగర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు పరుగున వచ్చి చేరతారు. చేరినవాళ్లలో జబ్బు మనుషులే ఎక్కువ కాబట్టి కంపెనీ ప్రీమియం పెంచుతుంది. పెంచగానే, చేరినవాళ్లలో కాస్త బాగున్నవాళ్లు బయటికి పోతారు. మళ్లీ పెంచాలి, మళ్లీ కొందరు పోతారు. చివరికి బీమా అవసరమైనవాళ్లకే అది అందనంత ఖరీదు అయిపోతుంది. ఇది జరగకూడదని కంపెనీ ముందే జాగ్రత్త పడితే ఇంకో ముప్పు. జబ్బున్నవాణ్ణి అసలు చేర్చుకోదు, లేదా పాత జబ్బుకు మాత్రం పైసా ఇవ్వనంటుంది.

అందుకే పేరు ఏదైనా, అందరికీ వైద్యం నడుపుతున్న దేశాల్లో దాదాపు అన్నిచోట్లా మూడు కట్టుబాట్లు కనిపిస్తాయి. అందరూ చేరి తీరాలి. చేరతానన్నవాణ్ణి ఎవరూ కాదనకూడదు. నీకు జబ్బుంది కాబట్టి నువ్వు ఎక్కువ కట్టు అనకూడదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ నిలబడవు. పన్నుల రూపంలో డబ్బు వసూలు చేసే దేశాల్లో ఇవి విడిగా కనపడవు, ఎందుకంటే పన్నులోనే మూడూ కలిసి ఉంటాయి.

జీతంలో కోతా, పన్నా

మొదట మొదలుపెట్టింది జర్మనీ. 1883లో అక్కడి ఛాన్సలర్ బిస్మార్క్ కార్మికులకు ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. కార్మికుల మీద ప్రేమ పొంగిపొర్లి చేసిన పని కాదది, సోషలిస్టుల వైపు పోతున్న కార్మికుల్ని రాజ్యం వైపు తిప్పుకోవడానికి వేసిన ఎత్తు. అప్పట్లో మూడింట రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని కట్టేవాళ్లు. ఇప్పుడు జీతంలో 14.6 శాతం, చెరి సగం. దాని మీద ఒక్కో నిధి సంస్థ కొంచెం అదనంగా తీసుకుంటుంది.

"నిధి సంస్థ" అంటున్నది జర్మన్లు క్రాంకెన్‌కాసె అనే వాటిని. అవి ప్రభుత్వ శాఖలు కావు, లాభం కోసం నడిచే కంపెనీలూ కావు. ఈ నిధి నచ్చకపోతే ఇంకోదానికి మారవచ్చు. దేశంలో దాదాపు 90 శాతం మంది వీటిలోనే ఉన్నారు. ఆదాయం ఒక హద్దు దాటినవాళ్లు ప్రైవేటు బీమాకు వెళ్లిపోవచ్చు. సంపాదన లేని భార్య లేదా భర్త, పిల్లలు అదే కోతలో వచ్చేస్తారు. తలకింత అని లెక్క కట్టరు.

ఇక్కడ ఒక పాత సమస్య మళ్లీ తల ఎత్తుతుంది. ఒక నిధిలో ముసలివాళ్లు ఎక్కువ చేరి, ఇంకోదాంట్లో కుర్రవాళ్లు ఎక్కువ ఉంటే? మొదటిది మునుగుతుంది. దీనికి 2009 నుంచి అందరి డబ్బూ ముందు ఒకే కేంద్ర నిధిలో పోస్తున్నారు. అక్కడి నుంచి ఒక్కో సంస్థకు, అందులో చేరినవాళ్ల వయసునూ జబ్బులనూ లెక్కేసి పంచుతారు. షుగర్ పేషెంటు చేరితే ఆ సంస్థకు భారం కాదు, ఆయనతో పాటు ఆయనకు సరిపడా డబ్బూ వస్తుంది. బయటికి ఎక్కడా కనపడని ఈ లెక్కే లేకపోతే పేషెంట్లను తప్పించుకునే పోటీ మొదలవుతుంది.

బ్రిటన్ వేరే దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1942 డిసెంబరులో, సామాజిక భద్రత మీద విలియం బెవరిడ్జ్ ఇచ్చిన నివేదిక వచ్చింది, అందరికీ వైద్యం ఉండాలని అందులో ఉంది. 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్, అందరూ ఎన్‌హెచ్‌ఎస్ అనేది, మొదలైంది. డబ్బు ఎక్కువ భాగం సాధారణ పన్నుల్లోంచి వస్తుంది. ఆస్పత్రులు ప్రజలవి. ఆస్పత్రి బిల్లు అనే కాగితమే పేషెంటు చేతికి రాదు. దీన్ని నిలబెట్టిన మంత్రి అన్యూరిన్ బెవన్ వేల్స్‌లోని ట్రెడెగార్ అనే బొగ్గు గనుల ఊరివాడు. ఆ ఊళ్లో కార్మికులు వారం వారం జీతంలోంచి కొన్ని పెన్నీలు వేసి సొంతంగా డాక్టర్లను, ఆస్పత్రిని పోషించుకున్నారు. చిన్నప్పటి నుంచీ కళ్ల ముందు ఉన్నదాన్నే ఆయన దేశమంతటికీ పెంచాడు.

డాక్టర్లు తేలిగ్గా ఒప్పుకోలేదు. 1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ పెట్టిన ఓటింగులో పదిమందిలో దాదాపు తొమ్మిది మంది వద్దన్నారు. స్పెషలిస్టులకు ప్రభుత్వ ఆస్పత్రిలో పని చేస్తూనే ప్రైవేటు పేషెంట్లను చూసుకునే వెసులుబాటు ఇచ్చాడు బెవన్. ఫ్యామిలీ డాక్టర్లను ఉద్యోగులుగా మార్చనని మాట ఇచ్చాడు. ఇప్పటికీ అక్కడి ఫ్యామిలీ డాక్టర్లలో చాలామంది ఉద్యోగులు కారు, ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం చేసుకుని సొంత క్లినిక్ నడుపుకునేవాళ్లే. ఏ దేశంలోనైనా ఇలాంటి వ్యవస్థ కాగితం మీద గీసినట్టు పుట్టదు. ఎవరో ఒకరితో చేసుకున్న రాజీ అందులో ఎముకలా మిగిలిపోతుంది.

కెనడాలోనూ అంతే. 1962 జులైలో సస్కాచువాన్ ఆస్పత్రి బీమా నుంచి డాక్టర్ ఫీజులకు కూడా విస్తరించగానే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం బయటి నుంచి డాక్టర్లను తెప్పించింది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: డాక్టరు తన సొంత క్లినిక్ నడుపుకుంటాడు, ఎవరికీ ఉద్యోగి కాడు, బిల్లు మాత్రం రాష్ట్రానికి పంపుతాడు. 1966 చట్టంతో అది దేశమంతటికీ పాకింది. 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ ఇంకో అడుగు వేసింది. ఈ పథకం కింద వచ్చే వైద్యానికి పేషెంటు దగ్గర అదనంగా డబ్బు తీసుకుంటే, ఆ మేరకు కేంద్రం రాష్ట్రానికి ఇచ్చే నిధుల్లో కోత పెడుతుంది.

బ్రిటన్‌లో డబ్బూ ఆస్పత్రీ రెండూ ప్రభుత్వానివి. కెనడాలో డబ్బు ప్రభుత్వానిది, డాక్టరు ప్రైవేటు. జర్మనీలో డబ్బు నిధి సంస్థల చేతిలో ఉంటుంది, నియమాలు మాత్రం ప్రభుత్వానివి. మూడింటినీ "సర్కారు వైద్యం" అని ఒకే గాటన కట్టేస్తే ఏమీ అర్థం కాదు.

ఒక బిల్లు దగ్గరగా

ఫ్రాన్స్‌లో ఒక మామూలు జ్వరం కేసు చూద్దాం. ఫ్యామిలీ డాక్టర్ ఫీజు 2024 డిసెంబరు నుంచి 30 యూరోలు. డాక్టరు గదిలోనే ఫీజు ఇచ్చి, కార్త్ విటాల్ అనే ఆకుపచ్చ కార్డును చిన్న మెషీన్‌లో పెడతారు. ప్రభుత్వ బీమా 70 శాతం, అంటే 21 యూరోలు, తన వాటా అంటుంది. అందులో 2 యూరోలు పట్టుకుని 19 పేషెంటు బ్యాంకు ఖాతాకు పంపుతుంది. మిగిలిన 9 యూరోలు అదనపు బీమా ఇస్తుంది, ఆ అదనపు బీమా అక్కడ దాదాపు అందరికీ ఉంటుంది. పట్టుకున్న 2 యూరోలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. డాక్టరు దగ్గరికి వెళ్లడం ఊరికే రాదని గుర్తుచేయడానికి ఆ రెండు. అదే మనిషికి క్యాన్సరో, డయాలిసిస్ అవసరమో ఉంటే, జాబితాలో ఉన్న ఆ దీర్ఘకాలిక జబ్బుకు సంబంధించిన ఖర్చు బీమా లెక్క ప్రకారం 100 శాతం ప్రభుత్వానిదే. అంటే జబ్బు చిన్నదైతే పేషెంటు వాటా కాస్త ఉంటుంది, ముదిరేకొద్దీ అది కరిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో నాకు ఫ్రాన్స్ పద్ధతి చాలా నచ్చుతుంది.

జపాన్ 1961లో అందరినీ బీమాలోకి తెచ్చింది. అక్కడ మామూలుగా పేషెంటు 30 శాతం కట్టాలి. చూడటానికి ఎక్కువే. కానీ నెలకు ఇంతకు మించి కట్టక్కర్లేదని ఆదాయాన్ని బట్టి ఒక హద్దు ఉంది. దానికంటే ముఖ్యమైనది ధరల పుస్తకం. ఒక కుట్టుకు ఎంత, ఒక ఎక్స్‌రేకు ఎంత, రాత్రిపూట చూస్తే ఎంత, అన్నిటికీ పాయింట్లు ఉంటాయి, ఒక పాయింటుకు 10 యెన్లు. రెండేళ్లకోసారి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని తిరగరాస్తుంది. టోక్యో నడిబొడ్డులోనైనా మారుమూల దీవిలోనైనా ఒకే ధర. పేషెంటు ఏ ఆస్పత్రికైనా వెళ్లవచ్చు, ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు. తలుపులు అంత బార్లా తెరిచి కూడా ఖర్చు అదుపులో ఉంచగలిగారంటే ఆ పుస్తకం వల్లే.

స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ ప్రైవేటు బీమా కంపెనీలతోనే పని నడుపుతాయి. బీమా తీసుకోవడం తప్పనిసరి, ప్రాథమిక ప్యాకేజీ అందరికీ ఒకటే, ఎవర్నీ కాదనకూడదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రీమియంలో ప్రభుత్వం సాయం చేస్తుంది. ఇలా కట్టుబాట్లు బిగిస్తే ప్రైవేటు కంపెనీలతో కూడా అందరికీ వైద్యం సాధ్యమే. స్విస్ జనం కట్టే ప్రీమియంలు మాత్రం ఏటేటా గుబులు పుట్టిస్తూనే ఉన్నాయి.

డబ్బున్న దేశాలకేనా

ధనిక దేశమయ్యాకే ఇవన్నీ అనే వాదన తరచూ వినిపిస్తుంది. దక్షిణ కొరియా 1977లో 500 మందికి పైగా పనిచేసే కంపెనీలతో మొదలుపెట్టి 1989కల్లా దేశమంతా చుట్టేసింది. పన్నెండేళ్లు. తైవాన్ 1995 మార్చిలో ఒకే జాతీయ బీమా మొదలుపెట్టింది. అంతవరకు సగం కంటే కాస్త ఎక్కువ మందికే ఏదో ఒక బీమా ఉండేది, కొద్ది కాలంలోనే ఆ లెక్క 90 శాతం దాటింది.

అయితే ఈ ప్రశ్నకు గట్టి జవాబు థాయిలాండ్‌దే. అక్కడ కాస్త ఆగాలి.

2001 ఎన్నికల్లో థాక్సిన్ షినవత్ర పార్టీ ఒక మాట ఇచ్చింది: 30 బాట్లు ఇస్తే ఏ జబ్బుకైనా వైద్యం. 1997 ఆర్థిక సంక్షోభం దెబ్బ నుంచి దేశం ఇంకా పూర్తిగా తేరుకోలేదు. ఇది ఓట్ల కోసం వేసిన గాలం అని చాలామంది అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు, పార్టీకి అది ఓట్లు తెచ్చిన మాటే మరి. కానీ ఆ మాట వెనక సంగువాన్ నిత్తయారంఫోంగ్ అనే డాక్టరు ఏళ్ల తరబడి వేసిన లెక్కలున్నాయి. గ్రామీణ ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చిన మనిషి. రాజకీయ పార్టీలకు ఆ లెక్కలు వివరిస్తూ తిరిగాడు, ఒక పార్టీ అందుకుంది.

అంతకంటే ముందే ఇంకో పని జరిగి ఉంది. కొత్త డాక్టర్లు మూడేళ్లు ప్రభుత్వ సర్వీసు చేయాలన్న నియమం 1970ల మొదటి నుంచీ ఉంది. వాళ్లలో చాలామంది వెళ్లింది పల్లె ప్రాంతాలకే. 1980లలో పట్టణాల్లోని పెద్ద ఆస్పత్రులకు కొత్త పెట్టుబడులు కొంతకాలం ఆపి, ఆ డబ్బును జిల్లాల్లోని చిన్న ఆస్పత్రులకూ ఆరోగ్య కేంద్రాలకూ మళ్లించారు. కార్డు ఇచ్చేనాటికి ఆ కార్డు పట్టుకుని వెళ్లడానికి ఒక చోటు ఉంది, ఆ చోట ఒక డాక్టరు ఉన్నాడు. ఈ క్రమం చాలా దేశాల్లో తలకిందులవుతుంది. ముందు కార్డు పంచుతారు, వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంటుంది.

2002లో చట్టం వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులకు ఒక పథకం, ప్రైవేటు ఉద్యోగులకు ఇంకో పథకం అప్పటికే ఉన్నాయి. మిగిలిన దాదాపు 4.7 కోట్ల మంది, అంటే రైతులు, కూలీలు, చిన్న వ్యాపారులు, ఈ కొత్త పథకంలోకి వచ్చారు. ఆస్పత్రికి చేసిన పనిని బట్టి బిల్లు ఇవ్వలేదు. నీ దగ్గర పేరు నమోదైన ఒక్కో మనిషికి ఏడాదికి 1,202 బాట్లు అని ఇచ్చారు. ఆ మనిషి వచ్చినా అంతే, రాకపోయినా అంతే. జనం ఎక్కువున్న వెనకబడిన ప్రాంతాల ఆస్పత్రులకు దీనివల్ల మొదటిసారిగా డబ్బు ధారాళంగా అందింది. డాక్టర్లు ఎక్కువ, జనం తక్కువ ఉన్న నగర ఆస్పత్రులు గగ్గోలు పెట్టాయి. జనం జేబులోంచి పెట్టే ఖర్చు 2000 ప్రాంతంలో మొత్తం వైద్య ఖర్చులో మూడో వంతు ఉండేది, ఇరవై ఏళ్లలో అది పదో వంతు దగ్గరికి దిగింది.

మొదట్లో ఈ పథకంలో డయాలిసిస్ లేదు. కిడ్నీలు చెడిపోయిన మనిషికి కార్డు ఉండీ లాభం లేదు. ఇల్లూ పొలమూ అమ్ముకోవాలి, లేదా ఊరుకోవాలి. ఖర్చు చూస్తే మొత్తం పథకాన్నే ముంచేటంత. 2008లో ఒక నిర్ణయం తీసుకున్నారు: డయాలిసిస్ ఇస్తాం, కానీ ముందు ఇంట్లో చేసుకునే రకం. పొట్టలోకి ఒక గొట్టం అమరుస్తారు. సంచిలోని ద్రవాన్ని లోపలికి ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, వంపేసి, మళ్లీ కొత్త సంచి. రోజుకు సుమారు నాలుగుసార్లు. చేతులు సరిగ్గా కడుక్కోకపోతే ఇన్ఫెక్షన్, అందుకే ఇంట్లో ఒకరు శ్రద్ధగా నేర్చుకోవాలి. పల్లెలో ఉన్నవాడు వారానికి మూడుసార్లు పట్నం ఆస్పత్రికి ప్రయాణం చేసే బాధ తప్పింది, వేల ప్రాణాలు నిలిచాయి. కానీ మెషీన్ డయాలిసిస్ కావాలనుకున్నవాళ్లకు చాలాకాలం ఆ ఎంపిక లేదు. 2022లో గానీ ఆ వీలు రాలేదు. చేతిలో ఉన్న డబ్బుతో ఎక్కువమందిని కాపాడటానికి కొందరి ఇష్టాన్ని పక్కన పెట్టారు. ఇది సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం, కానీ అది తేలికైన నిర్ణయమని మాత్రం అనలేను.

గేటు ఎక్కడో ఒకచోట ఉంటుంది

డబ్బు అడ్డం లేకపోతే ఇంకేదో అడ్డం వస్తుంది. డాక్టర్లు, మంచాలు, మెషీన్లు ఎప్పుడూ పరిమితమే. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎవరికి లేదు అన్నది ప్రతి వ్యవస్థా ఎక్కడో తేల్చాల్సిందే.

బ్రిటన్‌లో ఆ గేటు పేరు వెయిటింగ్ లిస్ట్. స్పెషలిస్టు దగ్గరికి నేరుగా పోలేరు, ఫ్యామిలీ డాక్టర్ పంపాలి. ఆయన పంపాక 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలి, 92 శాతం మందికైనా అలా జరగాలి అన్నది ఇంగ్లండ్‌లో పెట్టుకున్న లక్ష్యం. 2016 తర్వాత ఒక్కసారి కూడా దాన్ని అందుకోలేదు. 2023 సెప్టెంబరుకు ఆ లిస్టులో దాదాపు 77 లక్షల కేసులు ఉన్నాయి. మోకాలి చిప్ప మార్పిడి కోసం ఏడాది ఎదురుచూసే మనిషికి "మనది అందరికీ వైద్యం" అన్న మాట ఊరట ఇవ్వదు. నొప్పి రోజూ ఉంటుంది, ఎప్పుడు పిలుస్తారో అన్న టెన్షన్ దాని మీద.

బ్రిటన్‌లోనే ఇంకో గేటు ఉంది. 1999లో మొదలైన నైస్ అనే సంస్థ, కొత్త మందు వల్ల ఆరోగ్యంగా బతికే కాలం ఎంత పెరుగుతుంది, దానికి ఎంత ఖర్చవుతుంది అని లెక్క కడుతుంది. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాదికి 20,000 నుంచి 30,000 పౌండ్ల దాకా సమంజసం అన్నది చాలాకాలం దాని కొలత. ప్రాణానికి వెల కడతారా అని జనం మండిపడతారు. ఆ కోపం అర్థమవుతుంది. కానీ వెల కట్టని దేశం లేదు. ఇక్కడ కాగితం మీద, కారణాలు చెప్పి, అందరి ముందూ కడుతున్నారు. చాలాచోట్ల అది పేషెంటు జేబే తేల్చేస్తుంది, ఎవరూ కారణం చెప్పరు.

జర్మనీలో నిధి సంస్థల పేషెంట్లకంటే ప్రైవేటు బీమా వాళ్లకు స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుందన్నది అక్కడ అందరికీ తెలిసిన ఫిర్యాదు. అదీ ఒక గేటే.

ఇక చిన్న ఫీజు పెడితే అనవసరంగా వచ్చేవాళ్లు తగ్గుతారు కదా అన్న ఆలోచన. జర్మనీ 2004లో మూడు నెలలకోసారి 10 యూరోలు పెట్టింది. చిల్లర వసూళ్లు, రసీదులు తలనొప్పి అయ్యాయి, అనుకున్నంతగా రాకపోకలు తగ్గలేదు, 2012 చివర్లో ఎత్తేశారు. జపాన్ దీనికి తలకిందులుగా 1973లో 70 ఏళ్లు దాటినవాళ్లకు ఫీజు పూర్తిగా తీసేసింది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేని వృద్ధులు నెలల తరబడి ఆస్పత్రుల్లోనే ఉండిపోయారు, ఖర్చు తట్టుకోలేక 1983లో మళ్లీ కొంత పెట్టారు. అసలు ఫీజు వల్ల ఏం జరుగుతుందో తేల్చడానికి అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1970లలో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. కుటుంబాలను చీటీలు తీసినట్టు విడగొట్టి ఒక్కో గుంపుకు ఒక్కో రకం బీమా ఇచ్చింది. సొంత డబ్బు పెట్టాల్సినవాళ్లు డాక్టరు దగ్గరికి తక్కువ వెళ్లారు. కానీ తగ్గినవాటిలో అనవసరమైనవీ ఉన్నాయి, అవసరమైనవీ అంతే ఉన్నాయి. బీదవాళ్లలో అప్పటికే ఆరోగ్యం బాగాలేనివాళ్లకు నష్టం జరిగింది, బీపీ అదుపు తప్పింది. నాకొచ్చింది అనవసరమైన నొప్పా, గుండెపోటుకు ముందు వచ్చే నొప్పా అని పేషెంటుకు ఎలా తెలుస్తుంది? అది తెలుసుకోవడానికే కదా డాక్టరు దగ్గరికి వెళ్లేది.

దూరం కూడా ఒక గేటే. వేల్స్‌లో గని కార్మికుల మధ్య పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే ఈ విషయం రాశాడు: మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుంది. బ్రెజిల్ ఈ గేటు మీద గట్టిగా పనిచేసింది. 1988 రాజ్యాంగం ఆరోగ్యం అందరి హక్కు, ప్రభుత్వ బాధ్యత అంది. 1994 నుంచి డాక్టర్, నర్సు, ఆరోగ్య కార్యకర్తలు కలిసిన బృందాలకు ఇన్ని ఇళ్లు అని పంచారు. ఆ కార్యకర్తలు అదే పేటలో ఉండేవాళ్లు. నెలకోసారి తలుపు తడతారు. గర్భిణి చెకప్‌కు వెళ్లిందా, పిల్లాడికి టీకా పడిందా, తాతగారు బీపీ మాత్ర వేసుకుంటున్నారా అని అడుగుతారు. పేషెంటు వచ్చేదాకా ఆగకుండా ఇంటికే వెళ్లడం వీళ్ల పని.

అమెరికా ఎందుకు ఆగిపోయింది

ధనిక దేశాల్లో అందరికీ వైద్యం లేనిది అమెరికా ఒక్కటే అనుకోవచ్చు. దేశ ఆదాయంలో 17 శాతానికి పైగా వైద్యానికే పోతుంది, ప్రపంచంలో ఏ పెద్ద దేశమూ అంత పెట్టదు. అయినా 2023లో దాదాపు 2.6 కోట్ల మందికి ఏ బీమా లేదు. కారణం వెతికితే రెండో ప్రపంచ యుద్ధం దగ్గర తేలుతుంది. 1942లో జీతాలు పెంచకుండా కట్టడి పెట్టారు. పనివాళ్లను ఆకట్టుకోవడానికి కంపెనీలు జీతం బదులు ఆరోగ్య బీమా ఇచ్చాయి, దాని మీద పన్ను కూడా పడలేదు. అది అలవాటై వేళ్లూనుకుంది. అధ్యక్షుడు ట్రూమన్ 1945లో జాతీయ బీమా ప్రతిపాదిస్తే డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడి ఓడించింది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ తెచ్చి, మొదటి మెడికేర్ కార్డు ఆ ట్రూమన్ చేతికే ఇచ్చాడు. 2010 చట్టం పాత జబ్బు ఉందని బీమా నిరాకరించకూడదంది. కానీ చాలామందికి బీమా ఇప్పటికీ ఉద్యోగానికే ముడిపడి ఉంది. ఉద్యోగం పోవడమూ జబ్బు రావడమూ ఒకేసారి జరిగితే గోరుచుట్టు మీద రోకటిపోటే. జబ్బు వల్లే ఉద్యోగం పోయే సందర్భాలు తక్కువేమీ కావు.

కెనడా జనం అమెరికాను చూసి మనం నయం అనుకుంటారు, నిజమే. కానీ టామీ డగ్లస్ కాలు దగ్గరికి ఒకసారి మళ్లీ వెళ్దాం. ఈ రోజు అదే మోకాలు, అదే ఎముక చీముతో ఒక పిల్లవాడు విన్నిపెగ్‌లో ఆస్పత్రికి వస్తే ఎవరి దయా అక్కర్లేదు. ఆపరేషన్‌కూ మంచానికీ డాక్టరుకూ ఇంట్లోవాళ్లు ఒక్క డాలరు కట్టరు. కొద్ది రోజులయ్యాక ఇంటికి పంపేస్తారు, ఇంకొన్ని వారాలు యాంటీబయాటిక్ మాత్రలు వాడాలి. ఆస్పత్రి గడప దాటాక వాడే మందులు 1984 చట్టం కిందికి రావు. వాటి ఖర్చు ఎవరిదన్నది కుటుంబం ఏ రాష్ట్రంలో ఉంది, ఆదాయం ఎంత, తల్లిదండ్రులు పనిచేసే కంపెనీ ఏం ఇస్తుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. మందులను కూడా ఉమ్మడి ఖర్చులోకి తేవడానికి జాతీయ చట్టం 2024 అక్టోబరులో వచ్చింది. ముందుగా గర్భనిరోధక మందులు, షుగర్ మందులతో మొదలుపెట్టారు. యాంటీబయాటిక్స్ ఆ మొదటి విడతలో లేవు.